పాత నక్షలు – కొత్త భాండారము



సాయంకాలపు పనులు ముగించుకొని రచ్చబండ చెంత కూర్చున్న పెద్దలు నలుగురు వినుచున్నారని తలచి ఈ ప్రసంగము చేయుచున్నాను. మీలో పెక్కుమంది చదువు నేర్చినవారు. పహాణీ నకలు చదివి అర్థము చెప్పగలవారు. పాసుపుస్తకమును గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకొన్నవారు. భూమి కాగితముల విలువ మీకు నేను చెప్పవలసినది కాదు. అయితే ఆ కాగితములకు ఇప్పుడొక ప్రయాణము సంప్రాప్తమైనది. తహసీలు కచేరీ బీరువాలలోను, సర్వే కచేరీ అటకలమీదను తరతరములుగా పడియున్న గ్రామ నక్షలు, టిప్పనులు, రిజిస్టరులు కంప్యూటరు భాండారములోనికి తరలిపోవుచున్నవి.

ఇల్లు మాఱునపుడు సామాను బండికెత్తుట సులభమే. ఏ మూటలో ఏమి కట్టితిమో, ఏ కుండ దేనికొఱకు దాచితిమో, అది తెలిసినది ఇంటి ముసలమ్మకు. ఆమెను అడుగక మూటలు కట్టినచో కొత్త యింట విత్తనపు గింజలు వంటలోనికి పోవును. నక్షల ప్రయాణము కూడ ఇట్టిదే. అందు ఏది చేరును, ఏది జాఱిపోవును, జాఱిపోకుండ పెద్దలు చేయదగిన పని యేమి అనునదే నేటి విషయము.

నేను సర్వే ఉద్యోగిని కాను. ముప్పది యేండ్లకు పైగా ఈ అడవి అంచు పల్లెలలో పిల్లలకు తెలుగు చెప్పినవాడను. చిన్ననాట గురువుగారి యొద్ద కూర్చుండి కావ్యములును వ్యాకరణమును చదివితిని. ఒక ప్రతిని మఱియొక ప్రతితో సరిచూచుట ఆ చదువులో నొక భాగము. ఆ విద్యకును ఈ నక్షల పనికిని దగ్గఱ చుట్టఱికము కలదని నాకు ఆలస్యముగా బోధపడినది. ఆ బోధకు నేను చెల్లించిన వెలను గూర్చి కూడ చెప్పెదను.

మొదట మన కాగితముల పుట్టుపూర్వోత్తరములు. ఖమ్మము, భద్రాచలము అని నేడు ఒక్క నోట చెప్పుచున్నాము గాని, మన కాగితములు ఒక్క యింట పుట్టినవి కావు. గోదావరికి ఈవలి ఖమ్మము, పాల్వంచ, బూర్గంపాడు ప్రాంతములు నిజాము రాజ్యములోనివి. అచ్చటి భూమి లెక్క 1317 ఫసలీ, అనగా 1907 నాటి భూమి శిస్తు చట్టము ననుసరించి నడచినది. సేత్వారు మొదలగు రిజిస్టరులు ఉర్దూలో వ్రాయబడినవి. హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరిన పిమ్మట, 1954–55లో తయారైన ఖాస్రా పహాణీ నేటికిని ఈవలి భూములకు మూలస్తంభము వంటిది.

ఆవలి గట్టున నున్న భద్రాచలము, నూగూరు తాలూకాలు 1860లో నిజాము నుండి ఆంగ్లేయులకు సంక్రమించినవి. వానిని మొదట మధ్యపరగణాలలో ఉంచి, భద్రాచలమును 1874లోను, నూగూరును ఆ పిమ్మటను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చిరి. 1959 వరకు అవి తూర్పు గోదావరి జిల్లాలో నుండి, ఆ యేట ఖమ్మము జిల్లాలో కలిసినవి. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినపుడు భద్రాచలము పట్టణము ఇచ్చటనే నిలిచి, చుట్టునున్న గ్రామములు పెక్కు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వేఱయినది. ఊళ్లు కదలలేదు, ఏఱు కదలలేదు. కాగితములు మాత్రము కచేరీ వెంట కచేరీ తిరిగినవి. ప్రతి మజిలీలోను రెండు మూటలు వెనుకబడుట సహజము.

ఈ మూటల మర్మము తెలిసినవారు పట్వారీలు, కరణములు. వారిలో మంచివారు కలరు, చెడ్డవారును కలరు. వంశపారంపర్యమగు ఆ యుద్యోగములను 1984లో తీసివేసిరి. తీసివేయుటకు తగిన కారణములు ఉండెను. కాని "ఈ గుఱుతుకు అర్థమిది, ఈ గీత ఫలాని వాగు" అని చెప్పగల జ్ఞానము ఏ రిజిస్టరులోను వ్రాయబడి యుండలేదు. అది వారి నోటనే యుండి, వారితోనే కొంత గతించినది. పిమ్మట వచ్చిన గ్రామ రెవిన్యూ అధికారుల పదవులు కూడ 2020లో రద్దయినవి. 2025లో గ్రామ పాలన అధికారులు వచ్చిరి. ఇట్లు కాగితము మిగిలినది గాని దానికి భాష్యము చెప్పువారు తఱిగిపోయిరి.

ఇక నక్ష యంత్రములోనికి ఎట్లు పోవునో వినుడు. ఇందు రెండు మెట్లు కలవు. మొదటిది ప్రతిబింబము తీయుట. స్కానరు అను యంత్రము కాగితముపై వెలుతురు ప్రసరింపజేసి దాని ఛాయను పట్టును. మరకయు, చిరుగును, గీతయు అన్నియు ఉన్నవి ఉన్నట్లే వచ్చును. ఇది అద్దములో ముఖము చూచుకొనుట వంటిది. చూచుటకు పనికివచ్చును గాని, ఈ పొలము పొడవెంత, వైశాల్యమెంత అని అడిగినచో అద్దము చెప్పజాలదు.

రెండవది గీతలను అంకెలుగా మార్చుట. పొలపు ప్రతి మూలకును భూమిమీద అది యున్న చోటును తెలుపు అంకెలు వేసి, ఆ మూలలను వరుసగా కలిపినచో యంత్రమునకు పొలము తెలియును. అప్పుడది వైశాల్యము కట్టును. పొరుగు పొలముతో గట్టు సరిపోయినదో లేదో చెప్పును. ఉపగ్రహముల సాయముతో ఆ మూల నేలమీద ఎచ్చటనున్నదో చూపును. దేశమంతటను ప్రతి కమతమునకు 14 అంకెల సంఖ్య ఇచ్చు ఏర్పాటు ఈ మూలల లెక్కపైననే ఆధారపడియున్నది. మేలంతయు ఈ రెండవ మెట్టున కలదు; ప్రమాదమంతయు ఇచ్చటనే కలదు.

నిజాము రాజ్యపు టిప్పనునే తీసికొనుడు. గొలుసును ఒక రాతి నుండి మఱియొక రాతికి ఆధారరేఖగా లాగి, ప్రక్కనున్న మూలలకు లంబముగా కొలిచి, ఆ కొలతలను చేతి బొమ్మపై వ్రాసిరి. ఆ బొమ్మ కొలబద్ద ప్రకారము గీసినది కాదు. కాగితముపై పొడవుగా కనబడు గట్టు నేలమీద పొట్టిది కావచ్చును. నిజము గీతలో లేదు. గీత ప్రక్కనున్న అంకెలో కలదు. సంగతి తెలియని కుఱ్ఱవాడు బొమ్మ చక్కగా నున్నదికదా యని గీతవెంట గీత దిద్దెనా, అందముగానుండు అబద్ధము తయారగును. అంకెలు చదివి పొలమును మరల కట్టవలయునే గాని బొమ్మను అచ్చుగ్రుద్దరాదు. మద్రాసు పద్ధతిలోని క్షేత్రకొలతల పుస్తకములోని పటము వేఱు; అది కొలబద్దకు గీసినది. రెండును ఒకే గదిలో, ఒకే బల్లమీదికి వచ్చినపుడు ఏది యేదియో గుఱుతెఱిగినవాడు ప్రక్కన నుండవలయును.

గొలుసు సంగతియు అట్టిదే. నిజాము ప్రాంతపు గొలుసు 33 అడుగులు. దానిని 16 అణాలుగా విభజించిరి. పొడవు ఒక గొలుసు, వెడల్పు ఒక గొలుసు గల నేల ఒక గుంట, అనగా 121 చదరపు గజములు. 40 గుంటలు ఒక ఎకరము. మద్రాసు ప్రాంతపు గొలుసు 66 అడుగులు. దానికి 100 లింకులు. అచ్చట ఎకరమునకు 100 సెంట్లు. సెంటు 48.4 చదరపు గజములు. ఎకరము రెండు చోట్లను ఒక్కటియే, 4840 చదరపు గజములు. దానిని కోసిన విధము మాత్రము వేఱు.

ఒక్క లెక్క వేసి చూతము. పది గొలుసుల పొడవు, ఆఱు గొలుసుల వెడల్పు గల చేను ఉన్నదనుకొనుడు. అది 33 అడుగుల గొలుసైనచో 60 గుంటలు, అనగా ఒక ఎకరము 20 గుంటలు. 66 అడుగుల గొలుసని పొరబడినచో అదే చేను ఆఱు ఎకరములగును. గొలుసు రెండింతలైన నేల నాలుగింతలు. ఇంత పెద్ద తప్పును ఎవరైనను పట్టుకొందురు. చిన్న తప్పే దొంగవలె దాగియుండును. ఆ చేనినే రిజిస్టరులో 1–20 అని వ్రాసిరి. దానిని 1.20 అని యెక్కించి, సెంట్ల లెక్కకు అలవాటుపడినవాడు చదివెనా, ఎకరమున్నర చేను ఎకరము 20 సెంట్లయి కూర్చుండును. 60 గుంటల రైతునకు 48 గుంటలు మిగులును. 12 గుంటలు, అనగా 1452 చదరపు గజములు, నాగలి తగులకుండ, గొడవ పడకుండ, ఒక్క చుక్కతో హరించిపోవును. రెండు గట్లకును నడుమనున్న మనకు ఇట్టి పొరపాటునకు అవకాశము హెచ్చు.

కాలపు లెక్కయు అంతే. పాత కాగితముపై ఫసలీ సంవత్సరము ఉండును. దానికి 590 కలిపిన క్రీస్తు శకము వచ్చునని మనము ఎఱుగుదుము. కాని మద్రాసు ఫసలీ జూలైలో మొదలగును. హైదరాబాదు ఫసలీ అక్టోబరులో ఆజూరు మాసముతో మొదలగును. నెల చూడక యేడు మాత్రము కలిపినచో తండ్రి మరణించిన తరువాత తండ్రి సంతకము చేసినట్లు యంత్రములో కనబడవచ్చును. అప్పుడు మంచి కాగితము కూడ దొంగ కాగితమను నిందను మోయును.

ఇదంతయు కొత్త వింత యని తలపకుడు. తాళపత్రముల కాలముననే మన పెద్దలు ఈ బాధ పడిరి. ఆకు శిథిలమగును గనుక తరమునకొకమాఱు కొత్త ఆకులపై ప్రతి వ్రాయక తప్పదు. వ్రాయువాడు ఒక పంక్తి దాటవేసినచో అది గ్రంథపాతము. అర్థముగాని మాటను తనకు తెలిసిన మాటగా దిద్దినచో అది మఱింత చెఱుపు. ఏలయన, ఖాళీ కనబడును గాని దిద్దుబాటు కనబడదు. ఆ తప్పు ప్రతి నుండి పది ప్రతులు పుట్టినచో పదింటిలోను తప్పే. అప్పుడు పదిమంది చెప్పుచున్నారు గనుక అదియే నిజమని లోకము నమ్మును.

పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌను దొరగారు తెలుగు గ్రంథములను ఉద్ధరింప బూనినపుడు ఒక్క ప్రతిని నమ్మలేదు. ఒక్కొక్క గ్రంథమునకు పలు ప్రతులు తెప్పించి, పండితులను కూర్చుండబెట్టి, పాఠాంతరములను సరిచూపించి శుద్ధప్రతి వ్రాయించెను. నక్షలకు కావలసినదియు ఈ పద్ధతియే. సేత్వారు ఒక ప్రతి; ఖాస్రా పహాణీ ఒక ప్రతి; టిప్పను ఒక ప్రతి; రైతు పెట్టెలోని పాసుపుస్తకము ఒక ప్రతి; నేలమీది రాయి ఒక ప్రతి. ఇవి యేకీభవించినచోట సంతోషము. భేదించినచోట ఒకదానిని గుట్టుగా తుడిచివేయరాదు. భేదము కలదని వ్రాసి, విచారించి, తేల్చిన కారణమును కూడ వ్రాసి యుంచవలయును.

ఇప్పుడు నా తప్పు చెప్పెదను. 1987లో నేనొక చిన్న పల్లె బడిలో పంతులుగా నుంటిని. స్వాతంత్ర్యమునకు ముందు తెఱచిన బడి యది. దాని ప్రవేశ రిజిస్టరు చెదలు తిని, అంచులు రాలుచుండెను. పైనుండి కొత్త అచ్చు రిజిస్టరు వచ్చినది. పాతదానిని ఇందులోనికి ఎక్కింపుమనిరి. యౌవనోత్సాహముతో, ముత్యములవంటి దస్తూరితో, నెల దినములు కూర్చుండి ఎక్కించితిని. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, ఊరు – అన్నిటికి గడులు ఉండెను. పాత పుస్తకమున చివర నొక వెడల్పు గడి యుండెడిది. అందు ఆ కాలపు పంతుళ్లు తోచినది వ్రాసిరి: ఈ బాలుడు ఫలాని గూడెము నుండి వాగు దాటి వచ్చును, ఇతని తండ్రి ఫలాని గుట్టక్రింద చేను కొట్టుకొనును, వానకాలమున రాడు. కొత్త పుస్తకమున ఆ గడి లేదు. గడి లేనిది అక్కఱ లేనిదే యని నేను తీర్మానించుకొంటిని. ఊరు అను గడిలో గూడెము పేరు బదులు పెద్ద గ్రామము పేరు వ్రాసితిని. పాత పుస్తకమును చెదలకు భయపడి పొయ్యిలో వేయించితిని.

ఇరువది యేండ్లు దాటినవి. అటవీ హక్కుల చట్టము 2006లో వచ్చినది, దాని నియమములు 2008లో వచ్చినవి. ఒకనాడు ఒక వృద్ధుడు నా యింటికి వచ్చెను. ఆయన గిరిజనుడు కాడు. తరతరములుగా అడవి నంటి బ్రతికినవాడు. అట్టివారు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరములు, అనగా 75 సంవత్సరములు అచ్చటనే యుంటిమని చూపవలయునని చట్టము. ఆయన చేతులు కట్టుకొని, "పంతులుగారూ, మా నాయన మీ బళ్లోనే సదువుకున్నడు. ఆ బుక్కుల మా గూడెం పేరుంటదంట. ఒక్క కాయితం రాసియ్యుండ్రి" అనెను.

బడికి పోయి రిజిస్టరు తీసితిని. నా దస్తూరిలో ఆయన తండ్రి పేరు కలదు. ఊరి గడిలో పెద్ద గ్రామము పేరు కలదు. గూడెము పేరు లేదు. నా ముత్యాల దస్తూరి ఆయన తండ్రిని గూడెము నుండి వెడలగొట్టినది. పాత పుస్తకమున ఆ పేరు చదివిన జ్ఞాపకము నాకున్నది. చూపుటకు పుస్తకము లేదు. సంగతి చెప్పితిని. ఆయన నన్ను నిందింపలేదు. "పోనియ్యండి సారూ" అని కఱ్ఱ పట్టుకొని లేచెను. ఆయన దరఖాస్తు నెగ్గలేదు. ఆ ఒక్క లోటే కారణమని చెప్పజాలను గాని, నా వంతు లోటు నాదే.

అప్పుడు నాకు తెలియని సంగతి యొకటి కలదు. ఆ 2008 నియమములలోనే, సాక్ష్యములను చెప్పుచోట, కాగితములతో పాటు ఇండ్లు, గట్లు, బావులు, శ్మశానములు, పూజాస్థలములు, ఇట్టి నేలమీది గుఱుతులను కూడ పేర్కొనిరి. అంతేకాదు, హక్కు కోరినవాడు కాక ఇతరులగు పెద్దలు చెప్పిన మాటను వ్రాతలో పెట్టిన అదియు సాక్ష్యమే. ఒకటికి మించిన సాక్ష్యములు చూపవలయునని నియమము. నాడు ఊరిలో తొంబదియేండ్ల ముదుసలులు ఇరువురు జీవించి యుండిరి. వారి మాట వ్రాయించియున్నచో ఆయనకు బలము చేకూరెడిది. నాకును తోచలేదు, ఎవరికిని తోచలేదు. నేడు వారు లేరు.

పెద్దల మాటను హద్దు విషయమున ప్రమాణముగా కొనుట మన దేశమున నిన్న మొన్నటిది కాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున పొలిమేర తగవులను గూర్చి విస్తారముగా చెప్పబడినది. హద్దున చెట్లు నాటుటయే గాక, కాలగతిని చెడని రాళ్లు, బొగ్గులు, ఇటుకలు, పెంకులు భూమిలో పాతిపెట్టవలయునని అందు కలదు. తగవు తెగనిచోట పొరుగూరివారినే గాక వేటకాండ్రను, గొల్లలను, దుంపలు త్రవ్వువారిని, అడవిలో తిరుగు ఇతరులను అడుగవలయునని కూడ కలదు. కచేరీ ఎఱుగని గుట్టను ఎఱిగినవాడు పశువుల కాపరియే. మన అడవి అంచున రెవిన్యూ నక్షలోని గీతయు అటవీశాఖ నక్షలోని గీతయు పెనగులాడుచోట ఈ మాట మఱింత వర్తించును.

ఇక కొత్త భాండారము మాట. 2017 సెప్టెంబరులో తెలంగాణమున భూరికార్డుల ప్రక్షాళన మొదలైనది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చినది. అందు ముఖ్యముగా చేరినది పేరు, నంబరు, విస్తీర్ణము అను మాటల భాగము. నక్షల భాగము వెనుకబడినది. తప్పు దొరలినపుడు దిద్దించుకొనుటకు దారి చాలక రైతులు అవస్థ పడిరి. 2025లో భూభారతి చట్టము వచ్చినది. ఆ యేటి ఏప్రిల్ 14న మొదలైన ఆ యేర్పాటును ముందుగా ప్రయోగించిన నాలుగు మండలములలో మన నేలకొండపల్లి యొకటి. ఆ ఊరు భద్రాద్రి రాముని గుడి కట్టించిన కంచెర్ల గోపన్నగారి జన్మస్థలము. ఆయన తహసీలుదారు; ఖజానా లెక్క తేలక గోలకొండ చెఱలో మ్రగ్గినవాడు. లెక్క తప్పిన మనుష్యుడు ఎంత బాధపడునో మన సీమకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కొత్త చట్టమున పై అధికారికి మొఱపెట్టుకొను మార్గము కలదు. భూమి చేతులు మాఱునపుడు సర్వే పటమును జతచేయు నియమమును కలదు. కావున నక్షల పని ఇక తప్పించుకొనరానిది.

నేను యంత్రమునకు విరోధిని కాను. చెదలు యంత్రమున ప్రవేశింపదు. ఒక ప్రతి చెడినను వేఱొకచోట ప్రతి యుండును. జిల్లా కచేరీకి పోకయే నక్ష చూడవచ్చును. సక్రమముగా కట్టిన భాండారమున ఏ గీతను ఎవరు, ఏ దినమున, ఏ యాజ్ఞపై మార్చిరో వ్రాయబడియుండును. పట్వారి రాత్రివేళ గోకి దిద్దిన అక్షరమునకు అట్టి జాడ ఉండెడిది కాదు. ఇది గొప్ప మేలు.

అయినను యంత్రమునకును ముసలితనము కలదు. ఇంగ్లండు దేశమున 1086లో విలియము రాజు తన రాజ్యపు భూములను లెక్కవేయించి తోలు పుటలపై వ్రాయించెను. 900 సంవత్సరముల పండుగ సందర్భమున, 1986లో, ఆ దేశపు రేడియో సంస్థవారు కొత్త కాలపు దేశచరిత్రను పటములతోను చిత్రములతోను కూర్చి, నాటికి నవీనమగు పళ్లెములలో నిక్షేపించిరి. పదునైదేండ్లు గడచునప్పటికి ఆ పళ్లెములను చదువు యంత్రములే అరుదైపోయినవి. 2002 నాటికి విద్వాంసులు శ్రమపడి వానిని ఉద్ధరింపవలసి వచ్చినది. తొమ్మిది వందల యేండ్ల నాటి తోలు పుస్తకము మాత్రము తెఱచినచో నేటికిని చదువవచ్చును. యంత్రములోని ప్రతిని కూడ తాళపత్రమువలెనే కాలము కాలమునకు కొత్త పాత్రలోనికి మార్చుచుండవలయును, మూలమును నిలుపుకొనవలయును. ఒకసారి ఎక్కించితిమి, ఇక నిశ్చింత యనుకొనువాడు నావలెనే పొయ్యి వెలిగించును.

పెద్దలారా, ఇందు మీరు చేయదగినవి కొన్ని కలవు. సర్వేవారు ఊరికి వచ్చు దినము తెలిసికొని వారి వెంట నడువుడు. త్రిప్పు రాయి ఎచ్చట పూడిపోయినదో, పాత బాట ఎటు తిరిగెడిదో, వాగు ఏ వరదలో ఒడ్డు మార్చినదో చూపుడు. మీ ఖాతా కాగితము తెచ్చి, నంబరు, బై నంబరు, విస్తీర్ణము యంత్రములో ఎట్లు పడినదో చదివించుకొనుడు. 1–20 అనగా గుంటలా, సెంట్లా అని నోరు తెఱచి అడుగుడు. అడుగుట అమర్యాద కాదు.

యంత్రములో గడి లేని సంగతిని వేఱు కాగితమున వ్రాయించి, గ్రామసభలో చదివి, సంతకములు చేయించి, దరఖాస్తునకు జతపఱచుడు. గూడెముల పాత పేర్లు, గుట్టల పేర్లు, ఇప్పుడు మనుష్యులు లేని పాడుదిబ్బల పేర్లు వ్రాయింపుడు. చదువు రాని ముదుసలి చెప్పినచో చదువు వచ్చిన మీరు వ్రాయుడు. పాత కాగితమును, చినిగినను, ఉర్దూలో నున్నను, ఎవరి మాటకును పాఱవేయకుడు. గీత ముగిసిన పిదప కఱ్ఱలు పట్టుకొనుటకంటె, గీయునపుడే నాలుగు మాటలు చెప్పుట మేలు.

మఱియొకటి. రాయి మీ చేనిలోనికి రెండడుగులు జరిగి యుండవలసినదని మీకు తెలిసినచో ఆ మాట కూడ చెప్పుడు. పాత కాలమున అబద్ధపు గట్టును వానలు కరిగించెడివి, మనుమలు సర్దుకొనెడివారు. యంత్రములో నెక్కిన అబద్ధము వానకు కరగదు. అది మీ మనుమలకును పొరుగువాని మనుమలకును వ్యాజ్యముగా సంక్రమించును.

నేను పదవి విరమించు దినమున ఆ బడికి పోయి, నా దస్తూరిలోని ఆ రిజిస్టరును మరల తెఱచితిని. ఆ వృద్ధుని తండ్రి పేరు ప్రక్కన, అంచున, ఎఱ్ఱసిరాతో గూడెము పేరు వ్రాసి, 'మూల పుస్తకము నశించినది. నా జ్ఞాపకమునుబట్టి వ్రాసితిని' అని తేదివేసి సంతకము చేసితిని. అది చట్టమునకు ఎంతమాత్రము పనికివచ్చునో యెఱుగను. జ్ఞాపకమున నున్న తక్కిన పేర్లను కూడ అట్లే వ్రాయబూనితిని. పదునొకండు మాత్రమే జ్ఞప్తికి వచ్చినవి. ఆ చివరి గడిలో రెండు వందలకు పైగా ఉండెడివి.